గొంతు ఉంటేనే ఫోనా?

1876లో టెలిఫోన్‌కి పేటెంట్ తీసుకున్న గ్రాహం బెల్ వాళ్లమ్మకి వినికిడి తక్కువ. మరుసటి ఏడాది ఆయన పెళ్లాడిన మేబెల్‌కి చిన్నప్పుడే జ్వరం వచ్చి వినికిడి పోయింది. బెల్ స్వయంగా బధిర పిల్లలకు పాఠాలు చెప్పినవాడు. అలాంటి ఇంట పుట్టిన ఫోనే దాదాపు 90 ఏళ్లు బధిరులను గడప బయట నిలబెట్టింది.

చివరికి దారి వెతికింది బధిరులే. 1964లో అమెరికాలో రాబర్ట్ వైట్‌బ్రెక్ట్ అనే బధిర భౌతిక శాస్త్రవేత్త పాత టెలిప్రింటర్‌ని ఫోన్‌కి కలిపాడు. రిసీవర్‌ని రెండు రబ్బరు గిన్నెల్లో బోర్లించి టైపు కొడితే, అక్షరాలు శబ్దాలుగా మారి లైన్ మీద వెళ్లి అవతల కాగితం మీద అచ్చయ్యేవి. కాకపోతే ఆ యంత్రం ఇద్దరి దగ్గరా ఉండాలి. లేనివాళ్లతో మాట్లాడాలంటే మధ్యలో ఒక మనిషి చదివి వినిపించాలి. దాన్నే రిలే సర్వీస్ అంటారు. 1990 చట్టంతో అమెరికా దాన్ని టెలిఫోన్ కంపెనీల బాధ్యత చేసింది. నా దృష్టిలో అసలు మలుపు అదే: అప్పటిదాకా బధిరుల తిప్పలుగా ఉన్నది కంపెనీల పని అయింది.

మన దగ్గర మొబైల్ 1995లో వచ్చింది. ఎస్సెమ్మెస్‌ని ఎవరూ బధిరుల కోసం తయారు చేయలేదు, అయినా అది వాళ్లకు ఎంతో అక్కరకొచ్చింది. తర్వాత వీడియో కాల్. టీటీడీ బధిర పాఠశాల ఉన్న ఊరు కాబట్టి తిరుపతిలో సైగల భాష కొత్తేమీ కాదు. మొన్న బస్టాండులో ఒకమ్మాయి నీళ్ల బాటిల్‌కి ఫోన్ ఆనించి, రెండు చేతులతో గబగబా ఇంట్లోవాళ్లతో మాట్లాడుతోంది. ఫోన్ చేత్తో పట్టుకుంటే మాట సగమే కదా.

2011 జనాభా లెక్కల్లో వినికిడి లోపం ఉన్నవాళ్లు సుమారు 50 లక్షలు, మాట లోపం ఉన్నవాళ్లు దాదాపు 20 లక్షలు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్‌లో సమాచార సాధనాలు వీళ్లకూ అందాలని రాశారు. 2018లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కూడా దీని మీద సిఫార్సులు ఇచ్చింది.

పోయినేడు చిత్తూరులో మా చిన్నాయన కొడుకు ఏటీఎం కార్డు పోయింది. ఆ అన్నకు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. కస్టమర్ కేర్‌కి నేను ఫోన్ చేస్తే, కార్డు ఎవరిదో వాళ్లే మాట్లాడాలన్నారు. ఎంత చెప్పినా అదే మాట. టెన్షన్‌తో అన్న వైపు చూశాను. ఆయన తన ఫోన్‌లో టైప్ చేసి నా ముందు పెట్టాడు: "నేనేనని రాసి పంపుతా. ఎక్కడికి పంపాలో అడుగురా."

అడిగాను. అలాంటి నంబర్ ఏదీ లేదన్నారు.