12.6 దగ్గర మొదలైన కోత: అమెరికా కాలేజీ ట్రాక్‌లో రోస్టర్ గొడవ వెనక కథ

అమెరికా కాలేజీ అథ్లెటిక్స్‌లో జట్టు సైజు (రోస్టర్) మీద రగడ మళ్లీ రాజుకుంది. హౌస్ కేసులో కుదిరిన రాజీ ఒప్పందంలో చేరిన డివిజన్-1 స్కూళ్లలో, అంటే పై శ్రేణి కాలేజీల్లో, ట్రాక్ అండ్ ఫీల్డ్ జట్టంటే ఇప్పుడు పురుషులు 45 మంది, మహిళలు 45 మంది. క్రాస్ కంట్రీకి, అంటే ట్రాక్ బయట మట్టిదారుల మీద దూరపు పరుగుకి, 17 మంది చొప్పున. 2024-25లో జట్టులో ఉండి ఈ లెక్కల వల్ల చోటు పోగొట్టుకున్నవాళ్లకీ, ఆ ఏడాది చేర్చుకుంటామని పిలిచి తర్వాత వద్దన్న పిల్లలకీ కోర్టు ఒక గొడుగు పట్టింది. వాళ్లు ఈ 45లోకి లెక్కకు రారు. 2026లో చేరే బ్యాచ్‌కి ఆ గొడుగు లేదు. గొడుగు కింద ఉన్నవాళ్లు ఒక్కొక్కరే డిగ్రీ పట్టుకుని వెళ్లిపోతారు కాబట్టి, ఈ పరిమితి అసలు బరువు తెలిసేది ఇక్కడి నుంచే.

కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ మీద హౌస్ కేసు ఎవరు వేశారు, 280 కోట్ల డాలర్ల పరిహారం ఎవరికి వెళ్తుంది, ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకునే హక్కు ఎలా వచ్చింది, ఇవన్నీ బోలెడుసార్లు వచ్చిన వార్తలే. ట్రాక్ సంగతికొస్తే అసలు మలుపు 2025లో కనపడదు. 1991 జనవరికి వెళ్లాలి.

ఆ నెల నాష్‌విల్‌లో జరిగిన ఎన్‌సీఏఏ వార్షిక సమావేశంలో యూనివర్సిటీ అధ్యక్షులు ఖర్చు తగ్గించాలని గట్టిగా పట్టుబట్టారు. స్కాలర్‌షిప్‌ల మీద అడ్డంగా పది శాతం కోత పడింది. అప్పటిదాకా పురుషుల ట్రాక్‌కి 14 స్కాలర్‌షిప్‌లు. పది శాతం తీసేస్తే 12.6. బేస్‌బాల్ 13 నుంచి 11.7కి దిగింది. ఈత, కుస్తీ 11 నుంచి 9.9కి. టెన్నిస్, గోల్ఫ్ 5 నుంచి 4.5కి. ముప్పై ఏళ్లకు పైగా కోచ్‌లు కంఠస్థం చేసిన ఈ దశాంశాల వెనక క్రీడాశాస్త్రం ఏమీ లేదు. ఉన్న అంకెను 0.9తో గుణించారు, అంతే. ఒక జట్టుకి ఇంతమంది కావాలి, ఇన్ని ఈవెంట్లు ఉన్నాయి అని లెక్కేసి తేల్చిన సంఖ్య ఏదైనా 12.6 దగ్గర ఆగుతుందా?

అమెరికన్ ఫుట్‌బాల్‌కీ కోత పడింది, 95 నుంచి మెట్లుమెట్లుగా 85కి. కాకపోతే ఫుట్‌బాల్‌లో లెక్క తలల మీద నడుస్తుంది. 85 మంది ఉంటే 85 మందికీ పూర్తి ఫీజు, హాస్టల్, భోజనం. ట్రాక్‌లో లెక్క ఈక్వివలెన్సీ మీద, అంటే ముక్కల మీద. ఒక విద్యార్థికి ఇచ్చిన సాయాన్ని ఆ విద్యార్థికయ్యే పూర్తి ఖర్చుతో భాగించాలి. పూర్తి ఖర్చు 50,000 డాలర్లయి, స్కూలు 20,000 ఇస్తే 0.4. ఇలాంటి ముక్కలన్నీ కూడితే 12.6 దాటకూడదు.

ఆ 12.6 క్రాస్ కంట్రీ, ఇండోర్, అవుట్‌డోర్ మూడు సీజన్లకీ కలిపి. అవుట్‌డోర్ జాతీయ పోటీల్లో 21 ఈవెంట్లు. ఒక్కోదానికి 0.6 చొప్పున వస్తుంది. ఒక్కో ఈవెంట్‌కి ఇద్దరు మంచివాళ్లుంటే తప్ప పాయింట్ల పట్టికలో పైకి రాలేరు. దాంతో కోచ్ చేసేదేమిటంటే, 100, 200 పరిగెత్తి రెండు రిలేల్లోనూ దిగగల స్ప్రింటర్‌కి 0.8 పెడతాడు, ఒక్క ఈవెంటే తెలిసిన జావెలిన్ కుర్రాడికి 0.25, మిగిలినవాళ్లకి పుస్తకాల డబ్బు. అదీ దక్కనివాళ్లు సొంత ఖర్చుతో చేరేవాళ్లు. వాళ్లనే వాక్-ఆన్ అంటారు. 45 మందికి 12.6ని సమానంగా పంచితే తలకి 0.28. అంటే 1991లో పోయిన ఆ 1.4 స్కాలర్‌షిప్‌లు ఈ రేటు మీద అయిదుగురి వాటా.

మహిళల ట్రాక్‌కి పరిమితి తర్వాతి కాలంలో 18 అయింది. 85 మంది ఫుట్‌బాల్ వాళ్లకి సరితూగే మహిళల ఆట ఏదీ లేదు. సమాన అవకాశాల చట్టం టైటిల్ నైన్ కింద ఆ తూకం కుదర్చాలంటే మహిళల ట్రాక్ జట్టును పెంచడం చవకైన దారి. ఒకే అమ్మాయి క్రాస్ కంట్రీ, ఇండోర్, అవుట్‌డోర్ మూడూ పరిగెడితే లెక్కలో మూడుసార్లు కనిపిస్తుంది కూడా.

నాష్‌విల్ సమావేశమే ఇంకో పనీ చేసింది. కొన్ని ఆటల్లో అసిస్టెంట్ కోచ్ జీతానికి ఏడాదికి 16,000 డాలర్ల పరిమితి పెట్టింది. కోచ్‌లు ఊరుకోలేదు, కోర్టుకెళ్లారు. గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద ఆ పరిమితి చెల్లదని తీర్పొచ్చింది. 1998లో జ్యూరీ 6.7 కోట్ల డాలర్లు విధిస్తే, మరుసటి ఏడాది 5.45 కోట్లకు రాజీ కుదిరింది. ఒకే సమావేశంలో ఒకే ఖర్చు తగ్గింపు పేరుతో పుట్టిన రెండు నియమాల్లో ఒకటి పదేళ్లు నిలవలేదు. రెండోది, పిల్లల స్కాలర్‌షిప్‌ల మీదున్నది, 34 ఏళ్లు బతికింది. పావు స్కాలర్‌షిప్ కుర్రాడు లాయర్‌ని పెట్టుకుని నాలుగేళ్లలో కేసు గెలవలేడు. గెలిచేలోపు అతని చదువైపోతుంది.

2025 జూన్ 6న కాలిఫోర్నియా ఫెడరల్ జడ్జి క్లాడియా విల్కెన్ హౌస్ సెటిల్‌మెంట్‌ని ఆమోదించారు. జులై 1 నుంచి స్కాలర్‌షిప్ పరిమితి ఎత్తేశారు, దాని స్థానంలో రోస్టర్ పరిమితి వచ్చింది. కాగితం మీద చూస్తే ట్రాక్‌కి పండగే. 45 మందికి 45 పూర్తి స్కాలర్‌షిప్‌లు ఇవ్వొచ్చు, అడ్డు లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత సరిగ్గా ఇక్కడ పనికొస్తుంది. మెలిక ఇదీ: స్కూళ్లు ఆటగాళ్లకు నేరుగా పంచే సొమ్ముకి 2025-26లో 2.05 కోట్ల డాలర్ల పరిమితి పెట్టారు. పాత పరిమితి దాటి కొత్తగా ఇచ్చే స్కాలర్‌షిప్‌ల ఖర్చులో 25 లక్షల డాలర్ల వరకు ఇందులోంచే తీసేస్తారు. ఒక పూర్తి స్కాలర్‌షిప్ 50,000 అనుకుంటే అన్ని ఆటలకూ కలిపి 50 స్కాలర్‌షిప్‌లు. ట్రాక్‌కి 12.6 దాటి ఇంకో పూర్తి స్కాలర్‌షిప్ ఇస్తే ఆ 50,000 ఫుట్‌బాల్ క్వార్టర్‌బ్యాక్‌కి ఇవ్వాల్సిన సొమ్ములోంచి పోతుంది. ఏ అథ్లెటిక్ డైరెక్టర్ ఎటు మొగ్గుతాడో చెప్పక్కర్లేదు. పెద్ద స్కూళ్లలో చాలాచోట్ల ఈ సొమ్ములో ముప్పావు వంతు ఫుట్‌బాల్‌కి, ఆ తర్వాత పెద్ద వాటా పురుషుల బాస్కెట్‌బాల్‌కి.

స్కూళ్ల వాదనా వినాలి. ఆటగాళ్లకు వాటా ఇచ్చే ఒప్పందాన్ని కోర్టు ఆమోదించింది, ఆదాయం మాత్రం అదే రేటున పెరగలేదు, ఎక్కడో తగ్గించాలి కదా అంటారు. హద్దు లేకపోతే డబ్బున్న స్కూలు వందమందిని పోగేసుకుంటుందనీ అంటారు. ట్రాక్‌లో ఈ భయానికి పెద్దగా ఆధారం లేదు. 12.6 ఉన్న రోజుల్లోనూ వాక్-ఆన్‌లను ఎంతమందినైనా పెట్టుకోవచ్చు.

ఇంతకీ 45 తక్కువేం కాదుగా అనిపించొచ్చు. పురుషుల జట్టు లెక్క వేసి చూడండి. స్ప్రింట్స్ ఆరుగురు, 400 మీటర్లు నలుగురు, రెండు రకాల హర్డిల్స్‌కి అయిదుగురు, 800, 1500కి ఆరుగురు, దూరపు పరుగులకి తొమ్మిది మంది, జంప్స్ ఆరుగురు, పోల్‌వాల్ట్ ఇద్దరు, త్రోస్ అయిదుగురు, డెకాథ్లాన్ ఇద్దరు. 45 అయిపోయాయి. ఇందులో దెబ్బ తగిలినవాళ్లకి వేరే ఖాతా లేదు. పిక్క ఎముకలో సన్నని పగులొస్తే ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు బంద్. ఆ చోటు అతనిదే, ఇంకొకర్ని తేవడానికి లేదు. అరవై మంది జట్టులో నలుగురు మంచాన పడితే కోచ్ పట్టించుకోడు. 45లో పడితే రిలేకి మనిషి ఉండడు. క్రాస్ కంట్రీ వాళ్లకి 17 వేరుగా ఉన్నా, వాళ్లు వసంతంలో 5,000 మీటర్లు పరిగెడితే మళ్లీ ఈ 45లోకే వస్తారు.

అందరికంటే ముందు పోయేది త్రోస్‌లో నేర్చుకుంటున్న పిల్లలు. హ్యామర్ త్రో అమెరికా హైస్కూళ్లలో రోడ్ ఐలండ్ దాటితే దాదాపు కనపడదు. జావెలిన్ కూడా చాలా రాష్ట్రాల హైస్కూలు పోటీల్లో లేదు. హైస్కూల్లో అబ్బాయిల షాట్‌పుట్ గుండు 5.44 కిలోలు, కాలేజీలో 7.26. బరువు మారేసరికి మొదటి ఏడాది దూరం పడిపోతుంది. కాళ్ల తిరుగుడు, విడిచే కోణం మళ్లీ కుదరడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అంటే త్రోయర్ కాలేజీలోనే తయారవ్వాలి. ఆ రెండేళ్లూ పాయింట్లు తేని కుర్రాడు వాక్-ఆన్‌గా ఓ మూల ఉంటే ఎవరికీ బరువయ్యేది కాదు. ఇప్పుడతను 45లో ఒకడు. కోచ్ తయారైనవాణ్ణే వెతుకుతాడు, వేరే కాలేజీ నుంచో వేరే దేశం నుంచో తెస్తాడు. విదేశీయులు మన సీట్లు తన్నుకుపోతున్నారన్న అరుపులు పెరగడానికి ఇదో కారణం. అలాంటి విదేశీయుల్లో మన తేజస్విన్ శంకర్ ఒకడు. కాన్సస్ స్టేట్‌కి ఆడి 2018లోనూ 2022లోనూ ఎన్‌సీఏఏ అవుట్‌డోర్ హైజంప్ గెలిచాడు.

ఎస్ఈసీ అనే కాన్ఫరెన్స్ (తమలో తాము పోటీపడే స్కూళ్ల కూటమి) ఇంకో మెట్టు కిందికి దిగింది. తన స్కూళ్లకి పురుషుల ట్రాక్ 35, క్రాస్ కంట్రీ 10 అని సొంత గీత గీసుకుంది. దేశంలో ట్రాక్ అత్యంత బలంగా ఉన్న కాన్ఫరెన్స్ అదే.

వాషింగ్టన్ స్టేట్ సంగతి చూస్తే ఇది ఎక్కడిదాకా పోతుందో తెలుస్తుంది. 1978లో హెన్రీ రోనో 81 రోజుల్లో నాలుగు ప్రపంచ రికార్డులు కొట్టింది ఆ స్కూలు విద్యార్థిగానే. 2025 జూన్‌లో, సెటిల్‌మెంట్ ఆమోదం పొందిన నెలలోనే, ఆ స్కూలు ఫీల్డ్ ఈవెంట్లను ఎత్తేసింది. దూరపు పరుగులు ఉంటాయి, స్ప్రింట్స్, హర్డిల్స్ కొద్దిగా. ఆ స్కూలు ఉన్న పాక్-12 కూటమి చెదిరిపోయాక డబ్బు తగ్గిందన్నది వాస్తవమే. మరి మొత్తం ట్రాక్‌ని ఎందుకు ఎత్తేయలేదు? ఫుట్‌బాల్ పై శ్రేణిలో ఉండాలంటే స్కూలుకి కనీసం 16 ఆటలు ఉండాలి. క్రాస్ కంట్రీ, ఇండోర్, అవుట్‌డోర్, ఆడామగా కలిపి ఆరు ఆటలుగా లెక్క. ఇండోర్, అవుట్‌డోర్ మీట్ లెక్కకు రావాలంటే 14 మంది దిగితే చాలు, క్రాస్ కంట్రీకి అయిదుగురు. 16లో ఆరింటిని ఇంత తక్కువ మందితో నింపే ఆట ఇంకోటి లేదు. ట్రాక్‌ని చంపకుండా బక్కచిక్కించడమే లాభం.

2025 ఏప్రిల్‌లో ఈ పిల్లల గోడు ఒక్కసారి కోర్టుకి వినపడింది. ఏప్రిల్ 7 విచారణలో జట్ల నుంచి తీసేసినవాళ్లు తమ మాట చెప్పుకున్నారు. స్కూళ్లేమో ఆమోదం రాకముందే కోతలు మొదలెట్టేశాయి, ఇప్పుడు వెనక్కి తిప్పితే గందరగోళం అని లాయర్లు వాదించారు. ఆ గందరగోళం మీరు చేజేతులా తెచ్చుకున్నదే అన్న అర్థంలో విల్కెన్ ఏప్రిల్ 23న రాసి, ఒప్పందాన్ని వెనక్కి పంపారు. అలా వచ్చిందే మొదట్లో చెప్పిన గొడుగు. ఆ గొడుగు కింద ఉన్నవాళ్లు వేరే స్కూలుకి మారినా 45లో లెక్కకు రారు. వాళ్లని తిరిగి తీసుకోవాలన్న నిర్బంధం మాత్రం ఏ స్కూలుకీ లేదు.

ఇప్పుడు చేరబోయే పిల్లలున్న ఇళ్లలో, అమెరికాలోని తెలుగు ఇళ్లతో సహా, మొదట అడగాల్సింది ఎంత శాతం ఇస్తారని కాదు. స్కూలు ఒప్పందంలో చేరిందా, 45లో పేరు ఖాయమా, ఆ 45ని ఎప్పుడు తేలుస్తారు? ట్రాక్‌కి మొదటి పోటీ రోజు గానీ డిసెంబర్ 1 గానీ, ఏది ముందైతే ఆ రోజుకి లెక్క సరిపోవాలి. ఆగస్టులో 52 మందితో మొదలెట్టి నవంబర్‌లో ఏడుగురిని పంపేయొచ్చు. అప్పటికి సెమిస్టర్ ఫీజు కట్టేసి ఉంటారు. ఫలానా స్కూల్లో చేరతానని విద్యార్థి సంతకం చేసే పాత నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ 2024 అక్టోబర్‌లో రద్దయింది. ఇప్పుడు చేతిలో ఉండాల్సింది ఆర్థిక సాయం ఒప్పంద పత్రం. జట్టులోంచి తీసేసినా ఆ సాయం ఆగదని అందులో రాసుందో లేదో చదవాలి. ఇంకో మార్పు: పాత పద్ధతిలో రాష్ట్రం లోపలి వాడికైనా బయటి వాడికైనా సగం ఇస్తే 0.5 అనే లెక్క. ఇప్పుడు కోచ్ చేతిలో ఉన్నది భిన్నాలు కాదు, డాలర్లు. సొంత రాష్ట్రం ఫీజు 30,000, బయటివాళ్లకి 55,000 ఉన్నచోట అదే సగం 15,000కీ 27,500కీ తేడాగా కనిపిస్తుంది. మార్కుల మీద వచ్చే స్కాలర్‌షిప్ ఉన్న పిల్లల్ని కోచ్‌లు ఇష్టపడటం అందుకే.

సెటిల్‌మెంట్‌లో చేరని స్కూళ్లకి 45 వర్తించదు. వాటిలో పురుషుల ట్రాక్‌కి స్కాలర్‌షిప్ పరిమితి 2025-26లో కూడా 12.6.