పొలుసులు ఒక డాక్టరుకు, కీళ్లు ఇంకో డాక్టరుకు: కొన్ని అపోహలు - వాస్తవాలు

నేను చర్మవ్యాధుల డాక్టర్ని. నా దగ్గరికొచ్చేవాళ్లు మోచేతి మీద సోరియాసిస్ పొలుసులు చూపిస్తారు గానీ మడమ నొప్పి సంగతి ఎత్తరు. అడిగితే "అది వేరేలెండి, దానికి ఎముకల డాక్టరు దగ్గర వాడుతున్నాను" అంటారు. అక్కడేమో పొలుసుల ఊసు ఉండదు. జబ్బు ఒకటే, ఫైళ్లు రెండు. ఆలస్యం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది.

అపోహ: సోరియాసిస్ చర్మానికి మాత్రమే వచ్చే జబ్బు.

సోరియాసిస్ ఉన్న ఐదుగురిలో దాదాపు ఒకరికి కీళ్లు కూడా దెబ్బతింటాయి. కొన్ని లెక్కల్లో ఇంకా ఎక్కువే. దీన్నే సోరియాటిక్ ఆర్థరైటిస్ అంటాం. చాలామందిలో ముందు చర్మం మీద కనిపించి, ఏళ్లు గడిచాక, ఒక్కోసారి పదేళ్ల తర్వాత, కీళ్లకు వస్తుంది. అందుకే ఆ రెంటికీ సంబంధం ఉందన్న ఆలోచనే రాదు. కొద్దిమందిలో కీళ్ల నొప్పులే ముందు మొదలవుతాయి.

నేను ముందు గోళ్లు చూస్తాను. చేతులు రెండూ బల్ల మీద బోర్లా పెట్టించి, లైటు దగ్గరికి జరుపుతాను. గోరు మీద సూదితో గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలు, కొస దగ్గర గోరు చర్మాన్ని వదిలి తెల్లగా పైకి లేవడం, దాని అంచున నూనె మరక లాంటి రంగు. ఇవి ఉన్నవాళ్లకు కీళ్ల జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. చాలామంది వీటిని ఫంగస్ అనుకుని నెలల తరబడి మందులు వాడి వస్తారు. తర్వాత జుట్టు అంచు, చెవుల వెనుక, బొడ్డు, పిరుదుల మధ్య చూస్తాను. అక్కడ పొలుసులున్నట్టు చాలాసార్లు ఆ మనిషికే తెలియదు. తలలోవైతే చుండ్రు ఖాతాలో పోతాయి.

ఇక వేళ్లు. ఒక్క కణుపు కాకుండా వేలంతా మొదలు నుంచి కొస దాకా ఉబ్బితే, అది దెబ్బ తగిలిన వాపని సరిపెట్టుకోవద్దు. మడమ వెనుక పిక్క కండరపు పట్టీ (టెండన్) ఎముకకు అతుక్కునే చోట నొక్కితే నొప్పి ఉన్నా అంతే.

అపోహ: కీళ్ల నొప్పి అంటే అరుగుదల, వయసైతే తప్పదు.

సోరియాటిక్ ఆర్థరైటిస్ ఎక్కువగా ముప్ఫై, యాభై ఏళ్ల మధ్య మొదలవుతుంది. నొప్పి ఎంతుందన్న దానికన్నా ఎప్పుడుంటుందన్నది నాకు ముఖ్యం. అరిగిన కీలు నడిచేకొద్దీ నొప్పెడుతుంది, కూర్చుంటే నెమ్మదిస్తుంది. వాపుజబ్బు దీనికి పూర్తిగా వ్యతిరేకం: పొద్దున లేవగానే పట్టేసి, అరగంటకు పైగా వదలదు. పని చేసుకుంటుంటే సర్దుకుంటుంది. కరచాలనం చేసినప్పుడు వేళ్ల మొదళ్ల దగ్గర నొప్పితో చెయ్యి లాక్కుంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌ను (రోగనిరోధక శక్తే కీళ్ల మీద దాడి చేసే ఇంకో వాపుజబ్బు) కూడా అనుమానించాలి.

అపోహ: రక్తపరీక్ష నార్మల్, ఎక్స్‌రే నార్మల్. అంటే ఏమీ లేనట్టే.

నాకు బాగా విసుగు తెప్పించేది ఇదే. సోరియాటిక్ ఆర్థరైటిస్‌లో ఆర్‌ఏ ఫ్యాక్టర్ (రుమటాయిడ్ కోసం చేసే రక్తపరీక్ష) సాధారణంగా నెగెటివే వస్తుంది. ఒంట్లో వాపును కొలిచే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ కూడా చాలామందిలో పెరగవు. రుమటాయిడ్ ఉన్నవాళ్లలోనే ఐదుగురిలో ఒకరికి ఆర్‌ఏ ఫ్యాక్టర్ కనిపించకపోవచ్చు. మరోవైపు ఏ జబ్బూ లేనివాళ్లకు అది పాజిటివ్ రావచ్చు, ఏఎన్‌ఏ అనే ఇంకో రక్తపరీక్ష కూడా అంతే. ఎక్స్‌రేలో ఎముక తినేసినట్టు కనిపించేసరికి నష్టం జరిగిపోయి ఉంటుంది. ఆర్నెల్ల ఆలస్యం కూడా కీళ్లను దెబ్బతీస్తుందని పరిశోధనల్లో తేలింది. కాబట్టి వాచిన వేలు కళ్లముందుంటే, కాగితం ఏం చెప్పినా కీళ్లవాత నిపుణుల దగ్గరికి పంపిస్తాను.

అపోహ: ముఖం మీద, చేతుల మీద ఎరుపు ఎండ వల్లే.

బుగ్గల మీద, ముక్కు మీద ఉండి, ముక్కు పక్క మడతల్ని వదిలేసే మచ్చ లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే, మూత్రపిండాల మీద కూడా, దాడి చేసే జబ్బు) కావచ్చు. చామనఛాయ ఒంటి మీద అది ఎర్రగా కాక ఊదాగానో, గోధుమ రంగులోనో ఉంటుంది. చేతుల్లో తేడా ఇంకా చిత్రం: లూపస్ మచ్చలు కణుపుల మధ్య చర్మం మీద వస్తే, డెర్మటోమయోసైటిస్‌లో (చర్మంతో పాటు కండరాలు బలహీనపడే జబ్బు) సరిగ్గా కణుపుల మీదే వస్తాయి. మొదటి అనుమానానికి మూత్రంలో ప్రొటీన్ పరీక్ష, రెండోదానికి "కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేవగలరా?" అన్న ప్రశ్న.

అపోహ: ఒక్క కీలే వాచింది, యూరిక్ యాసిడ్ ఎక్కువుంది, గౌటే.

కావచ్చు. యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కీలులో పేరుకుంటే వచ్చే వాపే గౌట్. కానీ ఒక్కసారిగా వేడెక్కి, వాచి, కదిలించనివ్వని కీలులో చీము పట్టి ఉండవచ్చు. జ్వరం లేదని ధీమా వద్దు. కీలులోని నీరు తీసి పరీక్షించనిదే తేలదు. అది అదే రోజు జరగాలి, వీలైనంతవరకు యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే. రోజుల్లోనే మృదులాస్థి పాడవుతుంది. షుగర్ ఉన్నవాళ్లు, కృత్రిమ కీలు ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లు మరీ జాగ్రత్త.

అపోహ: మందు పడక దద్దుర్లొచ్చాయి, రెండు రోజుల్లో అవే పోతాయి.

చాలావరకు పోతాయి. కానీ గౌట్‌కిచ్చే అల్లోప్యూరినాల్, కొన్ని మూర్ఛ మందులు, సల్ఫా మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో జ్వరంతో దద్దుర్లొచ్చి, దురద కన్నా చర్మం మంట, నొప్పి ఎక్కువగా ఉంటే, నోట్లో పుండ్లు, కళ్లెర్రబడటం తోడైతే, ఆ మందు ఇంకో డోసు వేసుకోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. మందు చీటీ వెంట తీసుకెళ్లండి. మూర్ఛ మందైతే బదులు ఏమివ్వాలో వాళ్లే చూస్తారు.

అపోహ: స్టెరాయిడ్ మాత్రతో పొలుసులు పోయాయి, జబ్బు తగ్గింది.

ఆపగానే సోరియాసిస్ రెట్టింపుగా తిరగబెట్టొచ్చు, ఒళ్లంతా చీముపొక్కులుగా కూడా.

అపోహ: డాక్టరు దగ్గరికెళ్లే రోజుకు వాపు పోయింది, ఇక చూపించడానికేముంది?

ఈ వాపులు వస్తూ పోతూ ఉంటాయి. వాచిన రోజునే రెండు చేతులూ పక్కపక్కన పెట్టి ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఆ పొద్దున ఎంతసేపు పట్టేసిందో రాసుకోండి. చర్మం మీద ఏముందో అదీ తీయండి. నా దగ్గరికొచ్చినా, కీళ్ల డాక్టరు దగ్గరికెళ్లినా రెండు ఫొటోలూ చూపించండి.