మైనం, ఉప్పు, బీచ్ ఇసుక: రసాయన బంధాలపై అపోహలు - వాస్తవాలు

అపోహ: సంయోజనీయ బంధం (పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకునే బంధం) బలహీనం, అందుకే ఆ పదార్థాలు తేలిగ్గా కరుగుతాయి.

వాస్తవం: పిల్లలు ఎక్కువగా బట్టీపట్టేది ఇదే, మార్కులు పోగొట్టుకునేదీ ఇక్కడే. కొవ్వొత్తి మైనం 60 డిగ్రీల దగ్గర కరుగుతుంది, చల్లారితే మళ్లీ మైనమే. అంటే అణువు లోపలి బంధం ఒక్కటీ తెగలేదు. అణువుకూ అణువుకూ మధ్య ఉన్న పట్టు మాత్రమే సడలింది. నీళ్లు మరిగినా అంతే. నీటి అణువులోని ఆక్సిజన్-హైడ్రోజన్ (ఓ-హెచ్) బంధం తెగాలంటే మోల్‌కి సుమారు 463 కిలోజౌళ్లు కావాలి, నీటి అణువుల మధ్య హైడ్రోజన్ బంధానికి 20 చాలు. విశాఖ ఆర్కే బీచ్ ఇసుకలో తెల్లగా మెరిసే క్వార్ట్‌జ్ రేణువుని చూడండి. అందులోనూ సంయోజనీయ బంధాలే. కానీ విడి అణువులు లేవు, సిలికాన్-ఆక్సిజన్ అల్లిక రేణువంతా సాగుతుంది. కరిగించాలంటే ఆ బంధాలనే తెంచాలి, అందుకే 1700 డిగ్రీలు కావాలి. ఏదైనా కరిగిందంటే ముందు అడగాల్సింది: తెగిందేమిటి?

అపోహ: ఉప్పులో ఎన్ఏసీఎల్ (సోడియం క్లోరైడ్) అణువులుంటాయి.

వాస్తవం: ఉండవు. ప్రతి సోడియం అయాన్ (విద్యుదావేశమున్న పరమాణువు) చుట్టూ ఆరు క్లోరైడ్‌లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు. ఫార్ములా చెప్పేది నిష్పత్తి మాత్రమే.

అపోహ: ఉప్పులాంటి అయానిక పదార్థం ఎప్పుడైనా కరెంటు పారనిస్తుంది.

వాస్తవం: ఘనస్థితిలో అయాన్లు కదల్లేవు. 9 వోల్టుల బ్యాటరీ, ఎల్ఈడీ, 470 ఓమ్‌ల రెసిస్టర్ వరసగా కలిపి, పెన్సిల్ లోపలి గ్రాఫైట్ కడ్డీలు రెండింటిని ఎలక్ట్రోడ్లుగా పెట్టండి. పొడి ఉప్పులో ఎల్ఈడీ వెలగదు. 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో చెంచాడు ఉప్పు కలిపితే వెలుగుతుంది, పంచదార కలిపితే వెలగదు. కుళాయి నీళ్లు వాడితే పంచదార గిన్నెలోనూ మసగ్గా వెలుగుతుంది, ఆ నీళ్లలో ముందే లవణాలున్నాయి కాబట్టి. కడ్డీలు ఒకదానికొకటి తగిలినా ఫలితం తప్పే. ఉప్పునీళ్లలో పది సెకన్లకు మించి ఉంచొద్దు, క్లోరిన్ అనే విషవాయువు వస్తుంది. కిటికీ తెరిచి చేయండి.

అపోహ: వానాకాలం విశాఖలో కళ్లుప్పు చెమ్మగిల్లేది సోడియం క్లోరైడ్ వల్లే.

వాస్తవం: శుద్ధ సోడియం క్లోరైడ్ గాలిలో తేమ 75 శాతం దాటితేనే నీరు లాగుతుంది. సముద్రపు ఉప్పులో మిగిలిపోయిన మెగ్నీషియం క్లోరైడ్‌కి 33 శాతం చాలు. మెగ్నీషియం అయాన్ సోడియం అయాన్ కంటే చిన్నది, ఆవేశం రెట్టింపు, నీటి అణువుల్ని గట్టిగా పట్టేస్తుంది. ఎండబెట్టినా ఆ మెగ్నీషియం క్లోరైడ్ డబ్బాలోనే ఉంటుంది, అందుకే మర్నాటికి మళ్లీ తడి.