తయారీకి నిధులు, కొనుగోలుకు పరిమితి: చక్రాల కుర్చీ తగువు వెనుక కథ

2025 జులైలో మద్రాసు ఐఐటీ 9 కిలోల బరువు మాత్రమే ఉండే చక్రాల కుర్చీని విడుదల చేసినప్పటి నుంచి, వికలాంగులున్న చెన్నై తెలుగు కుటుంబాలలో ఒక పాత తగువు మళ్లీ రాజుకుంది. ప్రభుత్వ విద్యాసంస్థలో రూపుదిద్దుకున్న పరికరాన్ని ప్రైవేటు కంపెనీ వేలకు వేలు ధర పెట్టి అమ్మడమేమిటని ఒక పక్షం నిలదీస్తోంది. పరిశోధనకు ఇచ్చిన సొమ్ము నమూనా తయారయ్యేసరికే అయిపోతుందని, అచ్చులు పోయించి, పరీక్షలు చేయించి, ఫ్యాక్టరీలో వందల కొద్దీ కుర్చీలు తయారుచేసే ఖర్చు వేరని రెండో పక్షం బదులిస్తోంది. ఇరుపక్షాలూ ఇంజినీర్ల చుట్టూనే తిరుగుతున్నాయి గాని, అసలు చిక్కు ప్రయోగశాలలో కాక, ఢిల్లీలో రాసిన ఒక పథకం నిబంధనలలో ఉందని నా అభిప్రాయం.

జైపూర్ పాదం గురించీ, అబ్దుల్ కలాం చొరవతో హైదరాబాద్‌లో పోలియో పిల్లలకు అందిన తేలిక కాలిపర్ల గురించీ తెలుగు పాఠకులకు మళ్లీ చెప్పనక్కర్లేదు. నేరుగా 2019 నవంబరుకు వస్తాను. మద్రాసు ఐఐటీలో ప్రొఫెసర్ సుజాతా శ్రీనివాసన్ నాయకత్వంలో నడిచే టీటీకే పునరావాస పరిశోధన కేంద్రం రూపొందించిన ‘అరైజ్’ అనే కుర్చీని ఆ నెలలో అప్పటి కేంద్ర సామాజిక న్యాయ మంత్రి థావర్‌చంద్ గెహ్లాట్ విడుదల చేశారు. నడుము కింది భాగం చచ్చుబడినవారు ఎవరి సాయమూ లేకుండా, తమ చేతులతోనే, కూర్చున్న స్థితి నుంచి నిలబడే స్థితికి రావడానికీ మళ్లీ కూర్చోవడానికీ వీలు కల్పించే కుర్చీ అది. రోజంతా కూర్చునే ఉండేవారికి పిరుదుల దగ్గర పుండ్లు పడతాయి, ఎముకలు గుల్లబారతాయి, జీర్ణశక్తి మందగిస్తుంది. రోజూ కాసేపు నిలబడగలగడం వారికి వైద్యంతో సమానం. చెన్నైకే చెందిన ఫీనిక్స్ మెడికల్ సిస్టమ్స్ దీన్ని తయారుచేసింది. అప్పటి ధర సుమారు 15,000 రూపాయలు.

దీని వెనుక ఉన్న సొమ్ములో బ్రిటన్‌కు చెందిన వెల్‌కమ్ ట్రస్ట్ సాయం ఉంది. పరిశోధన కేంద్రానికి టీటీకే అన్న పేరు రావడానికి కారణం టీటీకే ప్రెస్టీజ్ కంపెనీ ఇచ్చిన సామాజిక బాధ్యత నిధులు. కాబట్టి ‘అంతా మా పన్నుల డబ్బే’ అన్న మాట పూర్తిగా నిజం కాదు. అయితే ప్రొఫెసర్ల జీతాలూ, ప్రయోగశాల గోడలూ ప్రజలవే కనుక అది పూర్తిగా అబద్ధమూ కాదు.

వికలాంగులకు పరికరాలు కొనిచ్చే కేంద్ర పథకం అడిప్ 1981లో మొదలైంది. 2014లో సవరించిన నిబంధనల ప్రకారం, మామూలుగా ఒక పరికరం ధర 10,000 రూపాయలు మించకూడదని ఉండేది. నెల ఆదాయం 15,000 లోపు ఉంటే పూర్తి ధర, 20,000 లోపు ఉంటే సగం ధర ప్రభుత్వం భరించేది. అంటే కేంద్ర మంత్రి స్వయంగా విడుదల చేసిన కుర్చీ, ఆయన శాఖ నడిపే పథకం గీసిన గీతకు 5,000 రూపాయలు అవతల నిలిచింది. నాకు కనిపించిన మలుపు ఇదే. ఆ తర్వాత పరిమితిని పెంచారు గాని, ఈలోగా కుర్చీలు ఇంకా ముందుకు వెళ్లిపోయాయి. ఇదే కేంద్రం నుంచి పుట్టిన నియోమోషన్ సంస్థ తెచ్చిన ‘నియోఫ్లై’ కుర్చీ ధర 2021లో 39,900. దానికి ముందువైపు తగిలించి రోడ్డు మీద బండిలా నడుపుకొనే ‘నియోబోల్ట్’కు అప్పట్లో మరో 55,000.

సర్కారుకు ఖరీదైన పరికరమంటేనే గిట్టదా అంటే, అదీ కాదు. ఇదే అడిప్ పథకం చెవిటి పిల్లలకు వినికిడి కోసం చెవి లోపల అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్‌కు ఒక్కొక్కరికి 6 లక్షల దాకా ఇచ్చింది. తలచుకుంటే గీత జరుగుతుంది.

ధర గీతతో పాటు పంచే పద్ధతిలోనూ చిక్కు ఉంది. అడిప్ కింద పరికరాలు ఎక్కువగా శిబిరాలలో చేతికందుతాయి. చక్రాల కుర్చీ ఎలా ఇవ్వాలో 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 8 దశలుగా చెప్పింది. వాటిలో మనిషిని పరిశీలించడం, కొలతకు సరిచూడడం, వాడకం నేర్పడం, మరమ్మతు చూడడం ఉన్నాయి. నియోఫ్లైలో 18 రకాల సర్దుబాట్లు పెట్టడానికి కారణం కూడా మనుషుల ఒళ్లు ఒకే కొలతలో ఉండకపోవడమే. షామియానా కింద వరుసగా పేర్చి, పేరు పిలిచి ఇచ్చే కుర్చీకి ఈ దశలలో ఎన్ని పడతాయో ఊహించవచ్చు.

చెన్నై కొళత్తూరులో ఉండే మా బాబాయిది గూడూరు దగ్గరి ఊరు. భవన నిర్మాణ పనికి చెన్నై వచ్చి, సారువ మీద నుంచి పడి వెన్ను విరగ్గొట్టుకున్నాడు. ఒక శిబిరంలో ఆయనకు ఇచ్చింది ఆసుపత్రి వరండాలలో కనిపించే మడత కుర్చీ. సన్నటి మనిషికి సీటు మరీ వెడల్పు కావడంతో చక్రాన్ని అందుకోవడానికి మోచేతులు బయటికి చాపాలి. ఏడాది తిరిగేసరికి నడుము నొప్పి పోయి భుజాల నొప్పి వచ్చింది. కుడివైపు కాలు పెట్టుకునే రేకు ఊడితే పిన్ని పాత చీర అంచుతో కట్టింది. ఆటో ఎక్కించాలంటే కుర్చీని ఇద్దరు ఎత్తాలి, ఆయనను ఇంకొకరు ఎత్తాలి. అందుకే ఆయన బయటికి రావడం తగ్గించుకున్నాడు.

అధికారుల వాదన తీసిపారేయదగ్గది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. ఒకరికి 40,000 పెడితే, ఆ సొమ్ముతో మరి నలుగురికి అందవలసింది ఆగిపోతుందని వారంటారు. 2017 జులై నుంచి ఈ పరికరాలపై విధించిన 5 శాతం జీఎస్టీకి కూడా లెక్క చెప్పారు: పన్ను సున్నా చేస్తే దేశీయ తయారీదారు ముడిసరుకుపై కట్టిన పన్ను వెనక్కి రాదని, దిగుమతి సరుకే చవకవుతుందని. లెక్క సరిగ్గానే ఉండవచ్చు. కాళ్లకు బదులు కొనుక్కునే వస్తువు మీద పన్నేమిటని వాడేవాళ్లు అడిగిన ప్రశ్నకు మాత్రం అందులో జవాబు లేదు.

ఆసుపత్రులు వాడే పరికరాల వైపు ఈ గొడవ వినిపించకపోవడం గమనించదగ్గది. అదే మద్రాసు ఐఐటీలో కేంద్ర బయోటెక్నాలజీ విభాగంతో కలిసి ఏర్పాటైన ఆరోగ్య సాంకేతిక కేంద్రం, శంకర నేత్రాలయతో కలిసి, పల్లెలకు వెళ్లి కంటి శస్త్రచికిత్సలు చేసే బస్సును తయారుచేసింది. అక్కడ కొనేదీ వాడేదీ ఆసుపత్రే. పరికరం పనిచేయకపోతే అడిగేదీ అదే. చక్రాల కుర్చీని కొనేది శాఖ, కూర్చునేది మరొకరు. 2022లో టీటీకే కేంద్రం బెంగళూరుకు చెందిన మొబిలిటీ ఇండియాతో కలిసి తెచ్చిన ‘కదమ్’ కృత్రిమ మోకాలు 160 డిగ్రీల దాకా మడుచుకుంటుంది, బస్సులోనూ ఆటోలోనూ ఇరుక్కుని కూర్చోవడానికి పనికొస్తుంది. ఆ తేడా తెలిసేది దాన్ని తొడుక్కున్నవారికే గాని టెండరు కాగితానికి కాదు.

పోయిన నెల బాబాయికి ఆ 9 కిలోల కుర్చీ వీడియో చూపించాను. ధర సంగతి ఆయన అడగలేదు. ఒకసారి పరికరం తీసుకున్నవారు అదే అవసరానికి 3 ఏళ్ల దాకా మళ్లీ అడగరాదన్నది అడిప్ నిబంధన. ఆయన గడువు తీరడానికి ఇంకా 14 నెలలు ఉంది. రేకుకు కట్టిన చీర ముడి వదులైందని పిన్నిని పిలిచాడు.