కొరియా కుచ్చుల వెనుక పదహారు వందల ఏళ్లు

2025 జూన్‌లో ఓటీటీలోకి వచ్చిన ఒక యానిమేషన్ సినిమా పుణ్యమా అని, కొరియా బయట కూడా చాలామంది కన్ను ఒక చిన్న నగ మీద పడింది. దయ్యాలను వేటాడే ముగ్గురు పాటగత్తెల దుస్తులకు వేలాడే ఆ నగ పేరు నోరిగే. పైన ఒక కొక్కెం, దాని కింద రంగు తాడు, తాడులోనే పువ్వుల్లా అల్లిన ముడులు, మధ్యలో పగడమో పచ్చరాయో, చివర మన జడకుచ్చుల్లాంటి పొడవాటి పట్టు కుచ్చు. ఇప్పుడు ఫోన్లకీ, బ్యాగులకీ, తాళంచెవులకీ తగిలించుకునే నోరిగేలు ఆన్‌లైన్ దుకాణాల్లో ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. వాటితోపాటే ఒక పట్టిక కూడా చక్కర్లు కొడుతోంది. సీతాకోకచిలుక ముడి అంటే దాంపత్య సుఖమట, చేమంతి ముడి అంటే దీర్ఘాయువట, ఫలానా ముడికి ఫలానా భాగ్యమట. చదువుతుంటే ఉగాదినాడు రాశిఫలాలు విన్నట్టే ఉంటుంది.

ఆ పట్టిక పూర్తిగా అబద్ధం అనను. కానీ కొరియావాళ్ల బతుకులో ముడి ఎక్కడెక్కడ పడిందో చూస్తే, దాని బొమ్మకున్న అర్థం చిన్నది. ఎవరి కోసం కట్టారు, ఏ ఘడియలో కట్టారు, తర్వాత దాన్ని విప్పారా లేదా అన్నవాటికే పెద్ద అర్థాలున్నాయి. అది తెలియాలంటే ముందు నగను పక్కనపెట్టి తాడు సంగతి చూడాలి.

ఈ కళను కొరియన్లో మేదుప్ అంటారు. మామూలు ముడికీ అదే మాట. చూసేవాళ్లకు ముడే కనిపిస్తుంది గానీ, పనిలో సింహభాగం ముడి వేయకముందే అయిపోతుంది. ముందు పట్టుదారాన్ని బూడిదనీళ్లలో ఉడికించి జిగురు పోగొట్టాలి. ఎరుపుకు కుసుమపూలు, నీలానికి నీలిమొక్క ఆకు, పసుపుకు గార్డీనియా కాయలు వాడి రంగు వేయాలి. ఆరిన పోగులను కలిపి పురిపెట్టాలి. అప్పుడు తాడు అల్లాలి. ఇలా అల్లిన తాడు పేరు దాహ్వే. గుండ్రంగా వచ్చేది దొంగ్‌దాహ్వే, నోరిగేలకూ చేతిసంచులకూ పనికొస్తుంది. పట్టీలా బల్లపరుపుగా వచ్చేది గ్వాంగ్‌దాహ్వే, నడికట్లకు. అల్లడానికి ఒక కొయ్య చట్రం ఉంటుంది. పోగులు చుట్టిన బరువైన కండెలు దాని అంచుల మీంచి వేలాడుతుంటే, ఎదురెదురు కండెలను రెండు చేతులతో అటుదిటు ఇటుదటు మార్చుకుంటూ పోవాలి. సన్నతాడుకు 4 కండెలు చాలు. తర్వాత 8, 12, 16, అలా 36 దాకా వెళ్తారు. ఆరేడు పాయల జడ వేయడమే గగనంగా ఉండే మనకు 36 అంటే ఊహకందదు.

తాడు సిద్ధమయ్యాక దాన్ని సగానికి మడిచి, ఆ మడత దగ్గర ముడి మొదలుపెడతారు. ముందు వదులుగా అల్లి, తర్వాత దబ్బనం లాంటి మొనదేలిన పనిముట్టుతో ఒక్కో మెలికనూ లాగి బిగిస్తూ వస్తారు. ఎడమ ఎంతో కుడి అంత ఉండాలి, ముందు ఎలాగో వెనక అలాగే ఉండాలి, తాడు మధ్యలో మొదలై మళ్లీ మధ్యలోంచే కిందికి దిగాలి. అల్లే దారి ఎవరైనా నేర్చుకోవచ్చు, బిగింపు మాత్రం ఏళ్ల మీద గానీ చేతికి రాదు. చివర్న కుచ్చు. వాటికీ పేర్లున్నాయి: స్ట్రాబెర్రీలా బుర్ర ఉన్నది ఒకటి, ఆక్టోపస్ కాళ్లలా విడిపోయేది ఇంకొకటి.

ఇదంతా ఎప్పట్నుంచి? దొరికే పాత ఆనవాలు ఒక సమాధిలో ఉంది. ఇప్పటి ఉత్తర కొరియాలోని ఆనక్ అనే చోట 1949లో బయటపడిన 3వ నంబరు సమాధి గోగుర్యో రాజ్యం నాటిది. లోపలి రాతలో క్రీ.శ. 357 నాటి తేదీ ఉంది. గోడ మీది చిత్రంలో ఒక పెద్దమనిషి పందిరి కింద కూర్చున్నాడు, ఆ పందిరి తెరల అలంకారంలో ముడులు కనిపిస్తాయి. ఈ సమాధుల సముదాయాన్ని యునెస్కో 2004లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ కాలంలో ఈ విద్య చైనా వైపు నుంచి వచ్చిందని కొరియా ప్రభుత్వ వారసత్వ శాఖ వివరణే చెబుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆ తర్వాతి గోర్యో రాజ్య కాలానికి వస్తే సాక్ష్యం ఒక పరాయివాడిది. 1123లో చైనాలోని సోంగ్ రాజు పంపిన రాయబార బృందంలో సూజింగ్ అనే అధికారి వచ్చాడు. చూసినదంతా వివరంగా రాసుకున్నాడు. అక్కడి గొప్పింటి ఆడవాళ్లు నడికట్టుకు రంగుల తాళ్లతో బంగారు గంటలు వేలాడదీసుకుంటారనీ, జరీ గుడ్డతో చేసిన అత్తరు సంచులు కట్టుకుంటారనీ, అవి ఎన్ని ఎక్కువుంటే అంత గొప్పగా భావిస్తారనీ ఆయన పరిశీలన. నోరిగే అమ్మమ్మ ఇదే. తర్వాతి కాలంలో రవికె లాంటి జొగోరి పొట్టిగా మారి, నడుము దగ్గరి అలంకారం పైకి జరిగి రొమ్ము దగ్గరి ముడికి చేరింది.

గోర్యో తర్వాత వచ్చిన జోసన్ రాజ్యంలో ముడి సర్కారు పని అయింది. 1485 నాటి ధర్మశాస్త్రం రాజాస్థానపు చేతిపనివాళ్ల జాబితా ఇస్తుంది. అందులో తాడు అల్లేవాళ్లు వేరు, ముడి వేసేవాళ్లు వేరు. రాజు బట్టలు చూసుకునే సాంగుయ్‌వన్ అనే కార్యాలయంలో వాళ్లు పనిచేసేవాళ్లు. అంత మందికి పని ఎక్కడిది అనుకోవచ్చు. రాజుగారి పల్లకీ నాలుగు మూలలకూ కుచ్చులు కావాలి. రాజుల చిత్రపటాల పక్కన పొడవాటి కుచ్చులు వేలాడాలి. ఆస్థాన సంగీతంలో మోగే గంటల చట్రాలకూ, రాతిపలకల చట్రాలకూ కావాలి. బౌద్ధ మఠాల పతాకాలకు కావాలి. మగవాళ్లు విసనకర్రకు కుచ్చు కట్టుకునేవాళ్లు, గుర్తింపు చీటీ లాంటి హోపే బిళ్లకూ కట్టుకునేవాళ్లు. నోరిగే వీటన్నిటిలో ఒకటి, అంతే. ఇవాళ మిగిలింది అదే కాబట్టి ముడి అంటే నోరిగే అనిపిస్తోంది.

నోరిగేలోనూ హోదాలుండేవి. మూడు పోగుల సామ్‌జాక్ పండగలకూ పెద్ద వేడుకలకూ. అంతఃపురంలో వాడిన అతిపెద్ద మూడు పోగుల నోరిగేలో పగడం, అంబరు, తెల్ల పచ్చరాయి మూడూ వేలాడతాయి. తాళ్లు ఎరుపు, నీలం, పసుపు. ఒంటి పోగుది మామూలు రోజులకు. చివరి యువరాణి యీ బాంగ్‌జా నగలూ బట్టలూ జపాన్‌లో ఉండిపోయి, 1991లో తిరిగొచ్చాయి. సియోల్‌లోని రాజప్రాసాద మ్యూజియంలో ఉన్న ఆ నోరిగేలు చూస్తే తాళంచెవికి తగిలించే బొమ్మకూ వీటికీ ఎంత దూరమో తెలుస్తుంది. బరువే వేరు.

ఇప్పుడు అర్థాల సంగతి. కొరియా ముడుల పేర్లు వింటే మొదట నవ్వొస్తుంది. సెంగ్‌జోక్ అంటే అల్లం కొమ్ము. ఇంకా తూనీగ, తేనెటీగ, చేమంతి, తామరమొగ్గ, ఉంగరం, చివరికి గూట్లో ఉన్న పురుగు కూడా ఉన్నాయి. జంగ్గు ముడి పేరు నడుము సన్నటి డప్పు నుంచి వచ్చింది. ఒకదాని పేరు కళ్లజోడు ముడి. కళ్లజోడు కొరియాకు 16వ శతాబ్ది చివర గానీ చేరలేదు కాబట్టి, ఆ ముడి పాతదైనా పేరు మాత్రం అంతకన్నా పాతది కాదు. మూలాధారమైన ముడులు ముప్పైకి పైగా ఉన్నాయి, ఒకే ముడిని ఒక్కో ప్రాంతంలో ఒక్కోలా పిలుస్తారు. ఈ పేర్లు పెట్టినవాళ్లు తత్వవేత్తలు కారు. చేతిలో తాడు పట్టుకుని ఇది దేనిలా ఉంది అని చూసుకున్న పనివాళ్లు. తామరమొగ్గ ముడిని చొక్కాకు గుండీలా వాడేవాళ్లు. అందులో మోక్షం వెతకడం కొంచెం ఎక్కువే.

శుభాశుభాల భారం మోసేది నిజానికి ముడి కాదు, దానికి వేలాడదీసిన వస్తువు. గబ్బిలం బొమ్మ ఎందుకంటే, చైనా లిపిలో గబ్బిలానికి రాసే అక్షరాన్నీ భాగ్యానికి రాసే అక్షరాన్నీ కొరియన్లో బొక్ అనే పలుకుతారు. మిరపకాయ, వంకాయ బొమ్మలు మగపిల్లాడి కోసం. పులిగోరు దుష్టశక్తుల నుంచి కాపు, మన పిల్లల మెడలో వేసినట్టే. వెండి ఒరలో చిన్న కత్తి శీలరక్షణకు గుర్తు, అవసరానికి పనిముట్టు కూడా. పట్టికలు చేసేవాళ్లు ఈ అర్థాలన్నిటినీ తెచ్చి ముడికి అంటగడుతున్నారు.

ముడే స్వయంగా అర్థమైన చోటు ఒకటుంది. దాని పేరు దొంగ్‌సిమ్‌గ్యోల్, ఒకే మనసు ముడి అని. పెళ్లికి ముందు అబ్బాయి ఇంటి నుంచి అమ్మాయి ఇంటికి ఒక పెట్టె వెళ్తుంది. అందులోని పట్టుగుడ్డలను ఎర్రదారం, నీలిదారంతో ఈ ముడి వేసి కడతారు. మన బ్రహ్మముడి గుర్తొస్తుంది. అయితే అదే ముడి మరోచోట కూడా కనిపిస్తుంది. మనిషి పోయినప్పుడు, ఆత్మ వచ్చి కూర్చోవడానికి పట్టుగుడ్డతో హోన్‌బెక్ అనే ప్రతిమ చేస్తారు. దాన్ని మడిచి కట్టేదీ ఒకే మనసు ముడి ఆకారంలోనే. పెళ్లికీ చావుకీ ఒకే ముడి. ఏ పట్టికలోనూ ఇది నాకు కనిపించలేదు. అమ్ముడుపోదు కదా.

కట్టడం ఎంత ముఖ్యమో విప్పడం అంత ముఖ్యం. పెళ్లిపెట్టెను భుజాన మోసుకెళ్లే గుడ్డపట్టీని ఒక్కసారి లాగితే ఊడిపోయేలా కడతారు, కాపురం చిక్కుపడకుండా సాగాలని. దక్షిణాన జొల్లా ప్రాంతంలో, ముఖ్యంగా జిందో ద్వీపంలో, పోయినవారి ఆత్మను కడిగి సాగనంపే సిత్గిమ్ గుత్ అనే క్రతువు ఉంది. 1980లో ప్రభుత్వం దాన్ని వారసత్వంగా గుర్తించింది. అందులో ఒక పొడవాటి తెల్లగుడ్డకు వరసగా ముడులు వేసి స్తంభానికి కడతారు. పూజ చేసే ఆమె పాడుతూ, గుడ్డను ఊపుతూ ఒక్కో ముడినీ విప్పుతుంది. ప్రతి ముడీ చనిపోయినవాళ్లు లోపల మిగుల్చుకున్న ఒక బాధ. కొరియన్ మాటల్లోనూ ఇదే కనిపిస్తుంది. ముడి వేశాం అంటే పని ముగించాం అని. ముడి విప్పాం అంటే తగవు తీర్చాం అని. ముడి వేసినవాడే విప్పాలి అనే నాలుగక్షరాల సామెతను అక్కడి రాజకీయ నాయకులు ఇప్పటికీ ఒకరి మీద ఒకరు విసురుకుంటారు. మనకు పీటముడి, చిక్కుముడి రెండూ తలనొప్పులే. వాళ్లకు సరిగ్గా వేసిన ముడి మంచి ముగింపు.

ఈ పని దాదాపు చచ్చిపోయింది. 1895లో మగవాళ్ల సిగలు కత్తిరించాలన్న ఉత్తర్వు వచ్చింది, తర్వాత కోట్లూ ప్యాంట్లూ వచ్చాయి, 1910లో జపాన్ దేశాన్ని కలిపేసుకోవడంతో ఆస్థానమే లేకుండా పోయింది. పల్లకీలు లేవు, విసనకర్ర కుచ్చులు లేవు. మిగిలిన గిరాకీల్లో గట్టిది పాడె. కొరియా పాడె సాంగ్యో ఒక చిన్న రథంలా ఉంటుంది, దాని మూలలకు కుచ్చులు వేలాడాలి. బతికినన్నాళ్లూ పట్టు ఎరగని మనిషికి కూడా ఆఖరి ప్రయాణంలో ఆ అలంకారం దక్కేది. సియోల్‌లో ముడిపనివాళ్లు గుంపుగా ఉన్న పేట గ్వాంగ్‌హిమున్ ద్వారం దగ్గరిది. నగరంలో చనిపోయినవాళ్లను బయటికి తీసుకెళ్లే ద్వారం కావడంతో జనం దాన్ని శవాల గుమ్మం అని పిలిచేవాళ్లు. పనివాళ్లు అక్కడే ఎందుకున్నారో వేరే చెప్పక్కర్లేదు.

ఆ పేట నుంచి వచ్చినవాడే జంగ్ యన్‌సు. 1962లో దక్షిణ కొరియా సాంస్కృతిక ఆస్తుల రక్షణ చట్టం చేసింది. దాని కింద 1968లో ముడిపనిని 22వ నంబరు వారసత్వంగా గుర్తించి ఆయన్ను ఆ విద్యకు మొదటి అధికారిక వారసుడిగా ప్రకటించారు. 1974లో ఆయన పోయారు. పెళ్లయ్యాక భర్త దగ్గరే పని నేర్చుకున్న చోయ్ ఉన్‌సున్‌కు 1976లో ఆ గుర్తింపు వచ్చింది, వాళ్ల కూతురు జంగ్ బాంగ్‌సప్‌కు 2006లో. ఇంకో పాయ కిమ్ హీజిన్‌ది. ఆమె ఈ పనివాళ్ల ఇంట్లో పుట్టింది కాదు. 1960ల్లో వెతుక్కుంటూ వెళ్లి జంగ్ దగ్గర నేర్చుకుంది, ఊళ్లలో మిగిలిన ముసలి పనివాళ్ల దగ్గర పాత ముడులూ పాత పేర్లూ సేకరించింది, 1976లో గుర్తింపు పొందింది. పాడె కుచ్చుల పనిని ప్రదర్శనశాలలో పెట్టదగ్గ కళగా మార్చడంలో ఆమె పాత్ర పెద్దది. మగవాళ్ల కూలిపనిగా ఉన్నది ఆడవాళ్ల కళ అయిందీ ఈ దశలోనే.

ఇక ఇది ఎవరిది అనే గొడవ. 2022 ఫిబ్రవరిలో బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభంలో చైనాలోని కొరియన్ తెగ ప్రతినిధిగా ఒకామె కొరియా సంప్రదాయ దుస్తులైన హాన్బోక్ కట్టుకుని కనిపించినప్పుడు, చైనా దాన్ని తనదిగా చూపుతోందని దక్షిణ కొరియాలో కోపం భగ్గుమంది. అప్పట్నుంచి నోరిగే మీదా కుచ్చుల మీదా కూడా నెట్‌లో వాదులాటే. విద్య మొదట వచ్చింది ఎక్కడి నుంచో పైనే చెప్పుకున్నాం, కాబట్టి చైనాకు సంబంధం లేదనడం కుదరదు. అలాగని అంతా చైనాదే అనడమూ కుదరదు. ఇవాళ చైనా ముడి పేరుతో కొత్త సంవత్సరానికి తలుపులకు కట్టే ఎర్ర ముడి ఇంత ప్రాచుర్యంలోకి వచ్చింది 1970ల చివర తైవాన్‌లో మొదలైన పునరుద్ధరణ తర్వాతే. రెండు చోట్లా ఇరవయ్యో శతాబ్దంలో తిరిగి లేపిన కళలే ఇవి. జపాన్‌లోనూ తాడు అల్లే సొంత పద్ధతి ఉంది. కొరియా పని ప్రత్యేకత ముడి ఒక్కదాంట్లో లేదు. తాడు, ముడి, కుచ్చు మూడూ ఒకే వస్తువుగా ఒదగడంలో ఉంది.

నా దృష్టిలో అసలు చిక్కు కూడా అక్కడే ఉంది. ముడి వేయడం ఇవాళ వీడియో చూసి నేర్చుకోవచ్చు. తాడేమో సియోల్ దోంగ్‌దెమున్ బజారులో మీటర్ల లెక్కన కొనుక్కోవచ్చు, మిషన్ మీద అల్లింది, చాలావరకు పట్టు కానిది. కుచ్చు కూడా చేసిపెట్టిందే దొరుకుతుంది. జోసన్ ధర్మశాస్త్రం వేరే వరసలో రాసిన ఆ తాడు అల్లేవాళ్లే ముందుగా కనుమరుగవుతున్నారు. చట్టం భాష కూడా మారింది. 2021లో వారసత్వ అంశాలకు నంబర్లు వాడటం మానేశారు, 2024 మేలో సాంస్కృతిక ఆస్తి అన్న మాట పోయి జాతీయ వారసత్వం అన్న మాట వచ్చింది. కాబట్టి ముడిపని ఇప్పుడు 22వ నంబరు కాదు. బూడిదనీళ్లలో ఉడికించి, పురిపెట్టి, 36 కండెలతో తాడు అల్లడం దగ్గర్నుంచి అంతా తమ చేత్తోనే చేసే ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉన్నాయి.