అంచును పోగొట్టే పని

నల్లటి అబ్సిడియన్ పూసను వేళ్ళ మధ్య దొర్లిస్తే చల్లగా, నున్నగా జారిపోతుంది. అదే రాయి పగిలినప్పుడు లేచే పెచ్చు అంచు మాత్రం కొన్ని నానోమీటర్ల మందానికి సన్నబడుతుంది. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. మామూలు ఉక్కు శస్త్రచికిత్స కత్తికి కూడా అంత పదును రాదు. రాతియుగపు మనిషి ఈ రాయి కోసం అంత తాపత్రయపడింది ఆ అంచు కోసమే. నగల కోసం దీన్ని చేత్తో కోసి సానపట్టేవారి శ్రమంతా ఆ అంచును పోగొట్టడానికే. రాయి స్వభావానికి ఇలా ఎదురు వెళ్ళి సాధించిన నునుపు కనుకనే అబ్సిడియన్ నగ అంటే నాకు అంత గౌరవం.

ఇంత పదును ఎక్కడిది? అబ్సిడియన్‌ను రాయి అంటున్నాం గానీ అది అగ్నిపర్వతం పోతపోసిన గాజు. ఇసుకలో ప్రధానంగా ఉండే సిలికా 70 శాతానికి మించిన లావా తేనెకన్నా ఎన్నో లక్షల రెట్లు చిక్కగా ఉంటుంది. స్ఫటికం ఏర్పడాలంటే పరమాణువులు కదిలి వరుసలు కట్టాలి. ఆ చిక్కదనంలో వాటికి కదిలే వీలు ఉండదు. లావా త్వరగా చల్లారిపోతే ఎక్కడి పరమాణువులు అక్కడే, వరుస లేకుండా బిగుసుకుపోతాయి. స్ఫటికాల్లో చాలావాటికి సులువుగా చీలే తలాలు ఉంటాయి. వజ్రం కూడా ఆ తలాల వెంట చీలుతుంది. గాజుకు అలాంటి దారులేవీ లేవు. దెబ్బ తగిలిన చోటు నుంచి పగులు అలలాగా వంపు తిరుగుతూ పాకుతుంది. పగిలిన ముఖం మీద ఆల్చిప్ప వీపున ఉండే చారల్లాంటివి మిగులుతాయి. పగులుకు స్ఫటికపు గింజలేవీ అడ్డం రావు కాబట్టి రెండు వంపులు కలిసే చోట అంచు అంత సన్నగా తేలుతుంది.

నలుపుకు ప్రధాన కారణం మ్యాగ్నటైట్ అనే ఇనుప ఖనిజపు అతి సూక్ష్మమైన రేణువులు. పలుచని ముక్కను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఆ నలుపు విడిపోయి పొగ రంగులోకో లేత గోధుమ రంగులోకో మారుతుంది.

చేతిపనిలో అన్నిటికన్నా కష్టమైనది, అందమైనది రాయిని ఏ దిశలో కోయాలో నిర్ణయించడం. మామూలు నల్ల అబ్సిడియన్‌కు ఏ దిశైనా ఒకటే. బంగారు మెరుపు ఉన్న రకంలో మాత్రం, లావా పారుతున్నప్పుడు దానితో పాటు సాగిన వాయు బుడగలు పొరలుగా పరుచుకుని ఉంటాయి. మెరుపంతా వాటిది. హరివిల్లు రంగులు చూపే రకంలో ఆ పని చేసేవి బుడగలకన్నా ఎంతో చిన్నవైన ఖనిజ రేణువులు. వాటి పొరల మీద కాంతి చేసే విన్యాసమే ఆ రంగులు. కోత ఆ పొరలకు దాదాపు సమాంతరంగా సాగితే రంగు పైకి తేలుతుంది. అడ్డంగా సాగితే అంత విలువైన ముక్కా మామూలు నల్లగాజులా మిగులుతుంది. అందుకే అనుభవం ఉన్న పనివారు రంపం ఆడించే ముందు రాయిని తడిపి, దీపం కింద అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు చూస్తారు. ఆ చూపు యంత్రానికి అప్పగించగలిగేది కాదని నా నమ్మకం.

తర్వాత వజ్రపు పొడి పొదిగిన రంపంతో, నీళ్ళు ధారగా పడుతుండగా రాయిని పలకలుగా కోస్తారు. పలక మీద ఆకారం గీసి, దాన్ని కత్తిరించి, ముక్కను పుల్ల చివర లక్కతో అంటించి సానచక్రానికి తాకిస్తారు. ముతక చక్రం పైన గీతలు పెట్టడంతో ఆగదు, గాజు లోపలికి సన్నటి పగుళ్ళను కూడా పంపుతుంది. కాబట్టి దాన్ని వీలైనంత తక్కువగా వాడి, క్రమంగా మెత్తని చక్రాలకు వెళ్ళాలి. ఒక చక్రం పెట్టిన గీతలను తర్వాతి చక్రం పూర్తిగా తుడిచేయాలి. లేత రంగు రాయిలో కంటికి ఆనని గీత కూడా ఈ నల్లటి అద్దంలో కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. చివరి మెరుగు సాధారణంగా సీరియం ఆక్సైడ్‌ది. కళ్ళజోడు అద్దాలకు మెరుగు పెట్టేదీ ఆ పొడే. అది గాజును గీకడమే కాక ఉపరితలంలోని సిలికాతో రసాయనికంగా కూడా చర్య జరుపుతుంది. ఇంత పనిలో ఎక్కడా రాయి వేడెక్కకూడదు, వేడి ఒకచోట పోగైతే గాజు చిట్లుతుంది. పొడిని గాలిలోకి లేవనీయకుండా నీరు పనివారినీ కాపాడుతుంది. తెల్లని పువ్వుల్లాంటి మచ్చలున్న రకంలో ఆ మచ్చలు క్రిస్టోబలైట్ అనే స్ఫటిక సిలికా. దాని పొడి ఊపిరితిత్తులకు చాలా హాని చేస్తుంది.

టర్కీ మధ్య భాగంలోని అషిక్లి హోయుక్ తవ్వకాల్లో 1995లో ఒక అబ్సిడియన్ కంకణం బయటపడింది. సుమారు క్రీ.పూ. 7500 నాటిది. వ్యాసం 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.3 సెంటీమీటర్లు, నడిమిన చుట్టూ ఒక గట్టు. 2011లో వెలువడిన పరిశోధన దాని ఆకారం ఎంత సమంగా ఉందో, మెరుగు ఎంత సూక్ష్మమో కొలిచి చూపింది. లోహపు పనిముట్లు వాడుకలోకి రాని కాలంలో, ఒక్క తప్పు దెబ్బకు ముక్కలయ్యే గాజుతో, ఎవరో అంత ఓపికగా ఆ వలయాన్ని తీర్చారు. ఆ మనిషి పేరు తెలిస్తే ఎంత బాగుండేది!

మెక్సికోలో అజ్టెక్ కళాకారులు ఇదే గాజుతో చెవులకు పెట్టుకునే వలయాలను, వెలుతురు గోడల గుండా ప్రసరించేంత పలుచగా చెక్కారు. పచుకా ప్రాంతపు గనుల ఆకుపచ్చ రకం వారికి ఎంతో ప్రీతి. ప్రతి లావా ప్రవాహంలోనూ అరుదైన మూలకాల పాళ్ళు వేరు కాబట్టి ఒక నగ ఏ కొండలో పుట్టిందో ఇప్పుడు చెప్పవచ్చు. ఇంగ్లండులో మొదటి ఎలిజబెత్ రాణి కాలపు పండితుడు జాన్ డీ దగ్గర ఉండేదని చెప్పే అబ్సిడియన్ అద్దం మూలం కూడా పచుకాయేనని 2021లో ఈ పద్ధతిలోనే తేలింది.

ఖనిజాల గట్టితనాన్ని 1 నుంచి 10 వరకు చూపే మోస్ కొలమానం మీద అబ్సిడియన్ స్థానం 5 నుంచి 5.5. గాలిలోని దుమ్ములో సాధారణంగా ఉండే క్వార్ట్జ్ రేణువుల స్థానం 7. అంటే పొడి గుడ్డతో తుడిచినా గీతలు పడవచ్చు, తడిపి తుడవడం మేలు. నిత్యం దేనికో ఒకదానికి తగిలే ఉంగరంకన్నా లాకెట్టుకూ చెవిపోగులకూ ఇది బాగా నప్పుతుంది. పొదిగేటప్పుడు కూడా ఒక్కొక్క చోట నొక్కే కొక్కేలకన్నా చుట్టూ ఒరిగి ఉండే సన్నని లోహపు పట్టీ నయం. అది ఒత్తిడిని అంతటా పంచుతుంది.

పొదగడానికి ముందు ఇంకో చిన్న పని మిగిలి ఉంటుంది. రాయి అడుగుభాగం పక్కభాగంతో కలిసే చోట పదునైన అంచు నిలిచి ఉంటుంది. పట్టీని నొక్కగానే మొదట చిట్లేది అక్కడే. అందుకని రాయిని తలకిందులుగా తిప్పి, ఆ అంచు చుట్టూ మెత్తని చక్రం మీద ఏటవాలుగా ఒక సన్నని గీత మేర అరగదీస్తారు. నగ తయారయ్యాక ఆ భాగం లోహం కింద ఉండిపోతుంది.