డిప్రెషన్: మందు మొదలైన మొదటి ఆరు వారాలు

డిప్రెషన్ మందులు పనిచెయ్యవని గట్టిగా చెప్పేవాళ్లని ఎన్నాళ్లు వాడారని అడిగి చూడండి. పది రోజులనో, పదిహేను రోజులనో జవాబొస్తుంది. వాళ్లు చెప్పేది అబద్ధమేం కాదు. మాత్ర లోపలికి వెళ్లిన కొద్ది గంటల్లోనే మెదడులో సెరటోనిన్ అనే రసాయనం మీద పని మొదలుపెడుతుంది, మనసు తేలికపడటానికి మాత్రం రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. సెరటోనిన్ తగ్గడమే జబ్బు, మాత్ర దాన్ని నింపుతుంది అనే లెక్క అంత సరైంది కాదనడానికి ఈ ఆలస్యమే ఒక ఆధారం. వికారం, తలనొప్పి, కంగారు లాంటివి మాత్రం ఇన్నాళ్లు ఆగవు, మొదటి వారంలోనే మొదలవుతాయి. అంటే కొన్నాళ్లపాటు మనిషికి కనిపించేది ఇబ్బందే, మేలు కాదు. ఈ ఎడంలో ఇంట్లోవాళ్లు ఏం చేస్తారన్నదే ఇక్కడి విషయం.

అసలు డాక్టరు దాకా రావడానికే చాలా ఆలస్యమవుతుంది. మన దగ్గర డిప్రెషన్ దిగులు పేరుతో రాదు. నీరసమనీ, గుండె దడనీ, గ్యాసనీ, అన్నం సయించడం లేదనీ వస్తుంది. సెలైన్ ఎక్కించుకుని వచ్చినా తెల్లవారుజామున మూడింటికి మెలకువ రావడం ఆగదు. దిగులో, దేనిమీదా ఆసక్తి లేకపోవడమో రెండు వారాలు దాదాపు రోజంతా ఉండి, దానికి నిద్ర, ఆకలి, ఏకాగ్రత, సత్తువ చెడటం తోడైతే సైకియాట్రిస్టుని కలవాల్సిందే. థైరాయిడ్ మందగించినా, హిమోగ్లోబిన్ లేదా బీ12 తగ్గినా ఇలాంటి లక్షణాలే వస్తాయి కాబట్టి ఆ రక్తపరీక్షలు రాస్తారు. పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నల కాగితం కూడా ఇస్తారు. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. స్కోరు 10 వచ్చిందంటే పట్టించుకోవాలి, 20కి చేరితే తీవ్రమైనట్టు. రెండు వారాలకోసారి నింపుతూ తేదీ వేసి దాచుకుంటే, 'ఏమో, అలాగే ఉంది' అనే జవాబుకి బదులు డాక్టరు ముందు ఒక అంకె ఉంటుంది. మొదటి స్కోరు సగానికి తగ్గితే మందు పట్టినట్టు లెక్క.

'ఎర్రగడ్డ' అన్న మాటని మనం తిట్టుగా మార్చుకున్నాం, విశాఖలో పిచ్చాసుపత్రినీ అంతే. ఆ జోకులకి భయపడి డిప్రెషన్‌ని దాచుకున్నవాళ్లు ఎంతమందో. నిజానికి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో కళ్లూ చెవులూ చూసినట్టే మానసిక విభాగం ఓపీ కూడా ఉంటుంది, చీటీ రాయించుకుని వరసలో కూర్చోవడమే.

ఇక మందుల చీటీ. ఎస్సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మందైతే తరచుగా 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారం తర్వాత 10కి పెంచుతారు. టిఫిన్ తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. నిద్ర చెడగొడుతుంటే పొద్దున, మత్తుగా ఉంటే రాత్రి, డాక్టరుని అడిగి మార్చుకోవచ్చు. ఒకపూట మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు. లైంగిక ఆసక్తి తగ్గడం మామూలుగా కనిపించే సమస్యే. సిగ్గుపడి చెప్పకుండా మందే మానేసేవాళ్లున్నారు, డాక్టరుకి చెబితే మోతాదో మందో మారుస్తారు. కీళ్లనొప్పులకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు దీంతో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. పెద్దవాళ్లలో, ముఖ్యంగా బీపీకి నీరు తీసే మాత్ర వాడేవాళ్లలో, సోడియం పడిపోవచ్చు. తడబాటు, మతిమరుపులా కనిపిస్తే వయసు మీదకి నెట్టెయ్యకుండా రక్తపరీక్ష చేయించాలి.

చాలాసార్లు అదే చీటీలో క్లోనజిపామ్ లాంటిది ఇంకొకటి ఉంటుంది. ఇది మొదటి రోజు రాత్రే నిద్ర పట్టిస్తుంది. అలవాటయ్యే మందు ఇదే, రెండు నుంచి నాలుగు వారాలకి మించకుండా తగ్గించి ఆపాలన్నది డాక్టరు ఉద్దేశం. నెలల తరబడి వాడాల్సింది మొదటిది. ఇళ్లల్లో జరిగేది సరిగ్గా తలకిందులు. 'ఇది వేసుకుంటే హాయిగా ఉంది' అని నిద్రమాత్ర సాగుతుంది, 'ఇది వేసుకున్నా ఏం లేదు' అని అసలు మందు ఆగుతుంది. స్ట్రిప్పు మీద స్కెచ్ పెన్నుతో 'రెండు వారాలే', 'ఆపొద్దు' అని రాసిపెట్టడం చిన్న పనే.

ఈ వారాల్లో 'నీకేం తక్కువ?', 'మనసు గట్టి చేసుకో' అనే మాటలు ఎవరన్నా పనికిరావు. డిప్రెషన్‌లో ముందు పోయేది పని మొదలుపెట్టే శక్తి. స్నానం సంగతే చూడండి. లేవాలి, హీటరు వెయ్యాలి, బట్టలు వెతకాలి, బకెట్ నింపాలి, ఆ తర్వాత కదా నీళ్లు పోసుకునేది. 'స్నానం చెయ్యి' అని పదిసార్లు అనే బదులు హీటరు వేసి, తువ్వాలూ బట్టలూ మంచం మీద పెట్టి, 'అన్నయ్యా, నీళ్లు కాగాయి' అంటే మిగిలింది ఒక్క అడుగు. ఆ రోజుకి ముఖం కడుక్కోవడంతో సరిపెట్టినా పోయిందేం లేదు. స్నేహితులదీ ఇదే లెక్క. 'ఏమన్నా కావాలంటే చెప్పరా' అంటే అడిగే భారం మళ్లీ అతని మీదే పడింది. 'బుధవారం ఆరున్నరకి వస్తా, చెరువుకట్ట దాకా నడిచొద్దాం, మాట్లాడకపోయినా పర్లేదు' అంటే అతను చెయ్యాల్సింది చెప్పులు వేసుకోవడమే.

దీన్ని పద్ధతిగా చేసే చికిత్స కూడా ఉంది. మనసు బాగయ్యాక పని చేద్దామని ఆగకుండా, చిన్న పనిని రోజులో ఒక వేళకి కట్టేసి, చేశాక మనసెలా ఉందో రాసుకోవడం. గోవాలో డాక్టర్లు కాని మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిది సిట్టింగుల్లో దీన్ని చేయించారు. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఆ ఫలితాల్లో మూడు నెలలకి తేరుకున్నవాళ్లు నూటికి 64 మంది, మామూలు వైద్యమే అందినవాళ్లలో 39 మంది. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, మాటల చికిత్స చేస్తారు. ఎంఫిల్ చేశారా, ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడంలో తప్పులేదు.

భయపడాల్సిన రోజులూ ఇవే. చనిపోవాలన్న ఆలోచన పోకముందే ఒంట్లోకి సత్తువ రావచ్చు. పాతికేళ్లలోపువాళ్లలో మందు మొదట్లో చనిపోవాలన్న ఆలోచనలు పెరగొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2004 నుంచీ హెచ్చరిస్తోంది (మొదట పిల్లలకే, 2007 నుంచి 24 ఏళ్ల దాకా). 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది. అవునంటే ఒంటరిగా వదలకూడదు. పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి పక్క ఊరి చుట్టాలింటికి పంపెయ్యాలి, మాత్రలు వారానికి సరిపడా మాత్రమే ఉంచి మిగతావి ఒకరి దగ్గర పెట్టాలి. టెలీ మానస్ నంబరు 14416కి రాత్రీపగలూ ఉచితంగా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మనిషి ఉన్నట్టుండి రెండు గంటలే పడుకుంటూ, విపరీతంగా మాట్లాడుతూ, డబ్బులు విరజిమ్ముతుంటే అది కోలుకోవడం కాదు. బైపోలార్ అనే వేరే మానసిక జబ్బు కావచ్చు, ఆ రోజే డాక్టరుకి ఫోను చెయ్యాలి.

ఆరు వారాలకీ మార్పు లేకపోతే మోతాదు పెంచడమో మందు మార్చడమో చేస్తారు. స్టార్‌డి అనే పెద్ద అమెరికా అధ్యయనంలో మొదటి మందుతో పూర్తిగా తేరుకున్నది దాదాపు మూడో వంతు మందే, కాబట్టి రెండో మందుకి వెళ్లడం మామూలే. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు అదే మోతాదు సాగాలి. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, కరెంటు షాకు కొట్టినట్టు జివ్వుమనడం ఉండొచ్చు. అది వ్యసనం కాదు, వారాలపాటు మెల్లగా తగ్గిస్తే చాలావరకు ఉండదు.

తేరుకున్న మనిషితో కూర్చుని ఈసారి మొదట ఏం మారిందో రాయించండి. పేపరు మడత విప్పకపోవడం, ఫోన్లు ఎత్తకపోవడం, మూడింటి మెలకువ, ఏదైతే అది. తిరగబెడితే చాలావరకు ఆ వరసలోనే వస్తుంది. ఆ కాగితాన్ని మందుల చీటీలున్న ఫైల్లోనే పెట్టుకోవాలి, పైనే.